క్యూఎల్ఈడీ సరే, లోపలున్నదేది?

దసరా, దీపావళి ఆఫర్ల రోజుల్లో టీవీ షోరూమ్‌కి వెళ్తే వరసగా నాలుగు కంపెనీల సెట్ల మీద క్యూఎల్ఈడీ అన్న ఒకే మాట కనిపిస్తుంది. ధరలు చూస్తే ఒకటి 30 వేలు, దాని పక్కది లక్షన్నర. అమ్మే కుర్రాణ్ణి అడిగితే "క్వాంటమ్ డాట్ సార్, కలర్స్ బాగుంటాయి" అంటాడు, అంతకు మించి అతనికీ ఎవరూ చెప్పి ఉండరు. ఆ నాలుగింటిలో ఒకదాంట్లో కాడ్మియం సెలినైడ్ ఉండొచ్చు, ఇంకోదాంట్లో ఇండియం ఫాస్ఫైడ్, మూడోదాంట్లో పెరోవ్‌స్కైట్. నాలుగోదాంట్లో రంగుల పని చాలావరకు ఫాస్ఫర్ పొడే చేస్తూ, డాట్లు పేరుకు మాత్రమే ఉండొచ్చు. డబ్బా మీద ఆ సంగతి రాయరు.

ఈ పదార్థాల పోటీ టీవీ మార్కెట్లో మొదలై పన్నెండేళ్లు దాటింది. ఏది బాగా వెలుగుతుందన్న పోటీగా దీన్ని రాయడం రివాజు. వెలుగు ఒక్కటే కొలమానమైతే కాడ్మియం ఏనాడో గెలిచి ఆట ముగిసేది. ఇప్పటిదాకా ఫలితం తేల్చినవి యూరప్ చట్టం, పేటెంట్లు, కిలో పదార్థం ధర, శామ్‌సంగ్ అనే ఒక పెద్ద కొనుగోలుదారు. భౌతికశాస్త్రం వంతు ఆ తర్వాతే వచ్చింది.

పనితీరు ముందు కాస్త చూద్దాం. ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు, వెనక బ్యాక్‌లైట్ కావాలి. మామూలు సెట్లలో నీలి ఎల్ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూసి తెలుపు రప్పిస్తారు. ఆ తెలుపులో పసుపు పాలు ఎక్కువ, అచ్చమైన ఎరుపూ ఆకుపచ్చా తక్కువ. వెనక లేని రంగును ముందున్న ఫిల్టర్ తెచ్చిపెట్టలేదు కదా. అందుకని నీలి ఎల్ఈడీని అలాగే ఉంచి, దాని ముందు ఎరుపు, ఆకుపచ్చ డాట్లు కలిపిన ఫిల్మ్ పెడతారు. డాట్లు కొంత నీలికాంతిని మింగి, సన్నని పట్టీల్లో ఎరుపునూ ఆకుపచ్చనూ విడుదల చేస్తాయి.

రంగును నిర్ణయించేది స్ఫటికం సైజు. అర్ధవాహకాన్ని కొన్ని నానోమీటర్లకు కుదిస్తే లోపలి ఎలక్ట్రాన్‌కు మసిలే చోటు తగ్గి, శక్తి అంతరం పెరుగుతుంది. వీణ మీద మెట్టు మారుస్తూ తీగ పొడవు తగ్గించే కొద్దీ స్వరం పైకి పోయినట్టే, స్ఫటికం చిన్నదయ్యే కొద్దీ రంగు ఎరుపు నుంచి నీలం వైపు జరుగుతుంది. కాడ్మియం సెలినైడ్‌లో సుమారు 6 నానోమీటర్ల డాటు ఎరుపు, 2 నానోమీటర్లది నీలం. 1981లో సోవియట్ యూనియన్‌లో అలెక్సీ ఎకిమోవ్ ఈ సంగతిని రంగు గాజులోని కాపర్ క్లోరైడ్ స్ఫటికాల్లో గమనించాడు. 1983లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో లూయీ బ్రూస్ ద్రావణంలో తేలే కణాల్లో చూశాడు. అన్నీ ఒకే సైజులో వచ్చేలా వండే పద్ధతిని 1993లో ఎంఐటీలో మౌంగీ బవెండి బృందం కనిపెట్టింది. ముగ్గురికీ కలిపి 2023లో రసాయనశాస్త్ర నోబెల్ ఇచ్చారు. బవెండి వండిన డాట్లు కాడ్మియంవి. అంటే ఈ శాస్త్రం చదువుకున్నదే కాడ్మియం బడిలో. తర్వాత వచ్చిన ప్రతి పదార్థాన్నీ దాని పక్కన నిలబెట్టే కొలిచారు.

కొలతలో ముఖ్యమైనది రంగు పట్టీ వెడల్పు. అది ఎంత సన్నగా ఉంటే రంగు అంత శుద్ధం. కాడ్మియం సెలినైడ్ డాట్లలో అది 20 నుంచి 30 నానోమీటర్లు, ఇండియం ఫాస్ఫైడ్‌లో సాధారణంగా 35 నుంచి 45, ఆకుపచ్చ పెరోవ్‌స్కైట్‌లో 20 దరిదాపు. 2012లో వచ్చిన బీటీ 2020 ప్రమాణం 630, 532, 467 నానోమీటర్ల దగ్గర లేజర్ లాంటి ఒంటరి రంగులు అడుగుతుంది. ఆకుపచ్చ పట్టీ వెడల్పైతే ఆ ప్రమాణానికి దగ్గరగా పోవడం కష్టం. ఈ ఒక్క అంకెను బట్టి చూస్తే ఇండియం ఫాస్ఫైడ్ మూడింటిలో చివరిది. మార్కెట్లో పెద్దపీట మాత్రం దానిదే. ఈ తిరకాసే చూడాల్సింది.

కాడ్మియం కథ 2013లో మొదలైంది. సోనీ కొన్ని ట్రైల్యూమినస్ టీవీల్లో, ఎంఐటీలో పుట్టిన క్యూడీ విజన్ కంపెనీ డాట్లను గాజు గొట్టంలో నింపి తెర అంచున పెట్టింది. అదే ఏడాది అమెజాన్ కిండిల్ ఫైర్ హెచ్‌డీఎక్స్ టాబ్లెట్‌లో నానోసిస్, 3ఎం కలిసి చేసిన ఫిల్మ్ వచ్చింది. రెండూ కాడ్మియం సెలినైడే. దానికి పుట్టుకతో వచ్చిన సుగుణం ఉంది. పెద్ద ముక్కగా ఉన్నప్పుడే దాని శక్తి అంతరం 1.74 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే ఎరుపు అంచుకు చేరువ. కొద్దిగా కుదిస్తే చాలు, కంటికి కనిపించే రంగులన్నీ చేతికొస్తాయి. జింక్ సల్ఫైడ్ తొడుగు వేసి దాని వెలుగును గట్టిపరచడం 1996 నుంచీ తెలిసిన విద్యే.

అయితే కాడ్మియం విషం. మూత్రపిండాల్లో చేరి దశాబ్దాలు తిష్ఠ వేస్తుంది. జపాన్‌లో జింజూ నదిలోకి గని వ్యర్థాలతో చేరిన కాడ్మియం ఎముకలు పెళుసుబారే ఇటాయ్-ఇటాయ్ జబ్బు తెచ్చిపెట్టింది. యూరప్ చట్టం ఎలక్ట్రానిక్ సరుకులో ఏ ఒక్క సజాతీయ పదార్థంలోనూ కాడ్మియం బరువులో 0.01 శాతం దాటకూడదంటుంది. డాట్ ఫిల్ములకు ఒక మినహాయింపు ఉండేది. దాన్ని 2018 దాకా పొడిగిద్దామని యూరోపియన్ కమిషన్ ప్రతిపాదిస్తే, 2015 మే 20న పార్లమెంటు 618-33 ఓట్లతో తోసిపుచ్చింది. కాడ్మియం లేని టీవీలు అప్పటికే దుకాణాల్లో ఉన్నాయి, ఇక మినహాయింపు దేనికన్నది సభ్యుల వాదన.

ఆ టీవీలు శామ్‌సంగ్‌వి. 2015 జనవరిలో ఎస్‌యూహెచ్‌డీ పేరుతో ఇండియం ఫాస్ఫైడ్ డాట్లు పెట్టి తెచ్చింది. 2017లో వాటికే క్యూఎల్ఈడీ అని పేరు మార్చింది. యూరప్ ఓటును శామ్‌సంగ్ తెప్పించిందని ఎవరూ అనలేరు కానీ, ఆ ఓటు దానికి కలిసొచ్చినంతగా మరెవరికీ రాలేదు. ఓటు జరిగిన మరుసటి ఏడాదే క్యూడీ విజన్‌ను శామ్‌సంగ్ కొనేసింది.

నిజానికి కాడ్మియం పూర్తిగా పోలేదు. చదరపు మిల్లీమీటరు తెరకు 0.2 మైక్రోగ్రాములు మించకూడదన్న కొత్త షరతుతో యూరప్ మరో మినహాయింపు ఇచ్చి, 2024లో దానికి 2025 నవంబర్ 21తో గడువు కట్టింది. ఎల్ఈడీ చిప్ మీద నేరుగా పూసే డాట్లకు 2027 చివరి దాకా వ్యవధి ఉంది. ఆ 0.2 మైక్రోగ్రాముల షరతు ప్రకారం లెక్క వేస్తే 55 అంగుళాల తెరలో గరిష్ఠంగా 167 మిల్లీగ్రాముల కాడ్మియానికి వీలుండేది. పాత నికెల్-కాడ్మియం పెన్సిల్ సెల్ ఒక్కదాంట్లో అంతకు ఎన్నో రెట్లు, గ్రాముల్లో ఉండేది. బొగ్గు కాలిస్తే గాలిలోకి కాడ్మియం పోతుంది, మా డాట్ల వల్ల కరెంటు ఆదా అవుతుంది, కాబట్టి మొత్తం మీద కాడ్మియం తగ్గుతుందని కాడ్మియం డాట్ల కంపెనీలు ఆ రోజుల్లో వాదించాయి. తెలివైన వాదనే. పవర్ గ్రిడ్ బొగ్గు వదిలే కొద్దీ దాని బలం తగ్గిపోతుందన్నది మాత్రం వాళ్లు చెప్పలేదు.

హాల్లో గోడకున్న టీవీలోని కాడ్మియం చూసేవాళ్లకు ప్రమాదం కాదు. ప్రమాదం పాత టీవీది. ఢిల్లీ సీలంపూర్‌లోనో మొరాదాబాద్‌లోనో ముసుగు, చేతితొడుగు లేకుండా తెరలు విప్పి, ప్లాస్టిక్ తగలబెట్టే మనుషులది. ఆ కోణంలో చూస్తే యూరప్ ఓటు సరైనదే. మన 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లోనూ కాడ్మియానికి అదే 0.01 శాతం, సీసానికి 0.1 శాతం హద్దు ఉంది.

ఇక విజేత దగ్గరికొద్దాం. ఇండియం ఫాస్ఫైడ్‌ను వండటం నరకం. పెద్ద ముక్కగా దాని శక్తి అంతరం 1.34 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే కంటికి కనిపించని పరారుణంలో ఉంటుంది. అక్కణ్ణుంచి ఆకుపచ్చ దాకా లాక్కురావాలంటే బాగా కుదించాలి. అంత చిన్నదయ్యాక సైజులో ఇసుమంత తేడా వచ్చినా రంగు జారిపోతుంది, అందుకే పట్టీ వెడల్పు. ఉపరితలం గాలి సోకితే ఆక్సీకరణం చెందుతుంది, ఆ పొర వెలుగును చంపేస్తుంది. తొలినాళ్లలో వాడిన భాస్వరం మూలపదార్థం ఖరీదైనదీ, గాలి తగిలితే అంటుకునేదీ. తర్వాత చవకైన అమైనోఫాస్ఫీన్‌లు వచ్చి ఆ బాధ కొంత తీరింది. నీలికాంతిని మింగడంలోనూ ఇది కాడ్మియం కంటే నెమ్మది, కాబట్టి ఎక్కువ పదార్థం పోయాలి.

ఇన్ని లోపాలున్న పదార్థం గెలిచిందంటే దాని వెనక పట్టుదలా డబ్బూ ఎంత పోశారో ఊహించవచ్చు. శామ్‌సంగ్ పరిశోధకులు 2019లో నేచర్ పత్రికలో ప్రచురించిన పని ఇందుకు మంచి ఉదాహరణ. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఆక్సైడ్ పొరను కడిగేసి, దానిపై జింక్ సెలినైడ్, జింక్ సల్ఫైడ్ తొడుగులు వేసి, కరెంటుతో నేరుగా వెలిగే ఎరుపు డాట్లు చేశారు. బాహ్య క్వాంటమ్ సామర్థ్యం, అంటే పంపిన ఎలక్ట్రాన్లకు బయటికొచ్చే ఫోటాన్ల నిష్పత్తి, 21.4 శాతం వచ్చింది. ఆ తరహా కాడ్మియం పరికరాలతో సమానంగా నిలబడే అంకె అది. చట్టం తలుపు తెరిచింది, రసాయనం ఆ తర్వాత తీరిగ్గా లోపలికొచ్చింది.

పేటెంట్ల సంగతీ చెప్పాలి. కాడ్మియం లేని డాట్ల మీద మొదటి నుంచీ పని చేసింది మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పుట్టిన నానోకో అనే చిన్న కంపెనీ. 2013లో అమెరికా రసాయన కంపెనీ డౌ దాని లైసెన్సు తీసుకుని కొరియాలో కర్మాగారం పెట్టింది. కానీ శామ్‌సంగ్ వాళ్ల దగ్గర కొనలేదు. తమ పేటెంట్లను ఉల్లంఘించారంటూ నానోకో 2020లో టెక్సాస్ కోర్టుకెక్కింది. 2023 ఆరంభంలో 15 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. పెద్ద కంపెనీకి అది చిల్లర, నానోకోకి ఊపిరి.

గెలిచిన పదార్థాన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. కాడ్మియం లేదు అంటే హాని లేదు అని వినిపించేలా ప్రకటనలు రాస్తారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కాడ్మియాన్ని మొదటి తరగతి క్యాన్సర్ కారకాల్లో పెట్టిన మాట నిజమే. ఇండియం ఫాస్ఫైడ్‌ను 2ఏ తరగతిలో, అంటే క్యాన్సర్ తెచ్చే అవకాశం గట్టిగా ఉన్నవాటిలో పెట్టిందీ ఆ సంస్థే. ఈ ముప్పు పొడిని పీల్చే కార్మికుడికి, టీవీ చూసేవాడికి కాదు. కాడ్మియం విషయంలోనూ అంతే కదా! సరఫరా చిక్కు వేరే ఉంది. ఇండియం విడిగా తవ్వితే దొరికేది కాదు, జింకు శుద్ధిలో ఉపఉత్పత్తిగా రావాలి. కాడ్మియం కూడా అదే కొలిమి బిడ్డ. ఇండియంలో చైనాది పైచేయి. 2025 ఫిబ్రవరిలో చైనా ఇండియం ఫాస్ఫైడ్, ట్రైమిథైల్ ఇండియం వంటి వాటి ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. టీవీ డాట్లు వాడేది స్వల్పమే అయినా, ధర నిర్ణయించే చేయి ఎక్కడుందో ఆ ఉత్తర్వుతో తెలిసింది.

ఈ రెండింటి మధ్య ఒక గడుసు దారి పుట్టింది. నానోసిస్ హైపీరియన్ పేరుతో ఆకుపచ్చకు కాడ్మియం డాటు, ఎరుపుకు ఇండియం ఫాస్ఫైడ్ డాటు కలిపి, ఫిల్మ్‌లో కాడ్మియం 0.01 శాతం లోపు ఉండేట్టు చేసింది. మినహాయింపు అడగక్కర్లేదు, చట్టం తనంతట తానే ఒప్పుకుంటుంది. మరో అడుగు ముందుకేసి, డాట్లను పల్చని ఫిల్మ్‌లో కాకుండా బ్యాక్‌లైట్ ముందుండే మందపాటి డిఫ్యూజర్ ప్లేట్‌లోనే కలిపేయడం మొదలైంది. ఖర్చు బాగా తగ్గింది. చవక క్యూఎల్ఈడీలు ఇన్ని రావడానికి ఇదొక కారణం. చట్టం చూసేది శాతాన్ని. ప్లాస్టిక్ బరువు పెరిగితే కాడ్మియం శాతం దానంతట అదే పడిపోతుంది, సెట్టులోని మొత్తం మాత్రం తగ్గనక్కర్లేదు. శాతాన్ని కాక, సెట్టుకు ఇన్ని మిల్లీగ్రాములని కొలిచే నిబంధన ఉంటే ఈ దారి ఇంత సులువయ్యేది కాదు.

పెరోవ్‌స్కైట్ ఇంటికి ఆలస్యంగా వచ్చిన చుట్టం. 2015లో జ్యూరిక్ ఈటీహెచ్‌లో మక్సిమ్ కొవలెంకో బృందం సీజియం, సీసం, హాలోజన్‌లతో నానోస్ఫటికాలు చేసి చూపింది. తొడుగు లేకుండానే మింగిన ఫోటాన్లలో 90 శాతం దాకా తిరిగిచ్చాయి. కాడ్మియం డాటుకు ఇరవై ఏళ్ల శ్రమతో వచ్చినది దీనికి పుట్టుకతోనే వచ్చింది. సైజుతో పని లేకుండా క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ పాళ్లు మార్చి రంగు మార్చవచ్చు. నీలికాంతిని గబగబా మింగుతుంది. తయారీ చవక. ఈ పదార్థం మీద మన దేశంలో మంచి పని జరిగింది. పుణె ఐసర్‌లో అంగ్షుమన్ నాగ్ బృందం తొలి ఏడాదే ఇందులోకి దిగింది. వెలుగు పుట్టే, ఆరిపోయే క్రమాన్ని క్షణంలో లక్షల కోట్ల వంతు కాలమానంలో కొలిచే పని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనునయ్ సమంత బృందం చేసింది.

దీని జబ్బులూ పుట్టుకతో వచ్చినవే. ఇది ఉప్పులాంటి అయానిక పదార్థం. తేమ, వేడి, తీవ్రమైన కాంతి తగిలితే చెడుతుంది. ఆకుపచ్చ బ్రోమైడునూ ఎరుపు అయోడైడునూ పక్కపక్కన పెడితే హాలోజన్‌లు అటూ ఇటూ మారిపోయి రెండు రంగులూ కలిసిపోతాయి. పైగా ఎరుపు రూపం చంచలం. అందుకని వ్యాపారంలో దీన్ని ఒంటికాలి మీద నడిపిస్తున్నారు. ఆకుపచ్చకు పెరోవ్‌స్కైట్, ఎరుపుకు ఫాస్ఫర్. సీసం ఉన్నా ఫిల్మ్‌లో 0.1 శాతం హద్దు లోపు ఉంచడం కష్టం కాదు కాబట్టి చట్టం అడ్డురాదు. కాడ్మియం కంటే పదింతలు వదులుగా ఉన్న ఆ హద్దే దీనికి శ్రీరామరక్ష. ఆకుపచ్చ విషయంలో మిగతా రెండింటినీ ఇది ఓడిస్తుందనే నా నమ్మకం, ఎరుపులో నమ్మకం లేదు.

ఎరుపుకు వాడే ఆ ఫాస్ఫరే ఈ పోటీలో అందరూ మరిచే నాలుగో ఆటగాడు. పొటాషియం ఫ్లోరోసిలికేట్‌లో మాంగనీస్ కలిపిన ఈ కేఎస్ఎఫ్ పొడిని జీఈ కంపెనీ వ్యాపారంలోకి తెచ్చింది. కొన్ని నానోమీటర్ల సన్నని ఎరుపు గీతలు ఇస్తుంది. క్వాంటమ్ డాట్ కాకపోయినా ఎరుపు శుద్ధిలో డాట్లన్నిటి కంటే ముందుంటుంది. చవక, మన్నిక, నేరుగా ఎల్ఈడీలోనే నింపవచ్చు. ఒక్కటే లోపం. వెలుగు ఆరడానికి 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది, డాట్లకైతే కొన్ని పదుల నానోసెకన్లు చాలు. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేము ఉండేదే 16.7 మిల్లీసెకన్లు. అందుకే బ్యాక్‌లైట్ వేగంగా వెలిగి ఆరే తెరల్లో కదిలే వస్తువు వెనక ఎరుపు తోక కనిపిస్తుంది. ఆపిల్ చాలాకాలం కేఎస్ఎఫ్‌నే వాడి, 2024 చివర వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోలో కాడ్మియం లేని డాట్ ఫిల్మ్‌కు మారిందని తెరల మార్కెట్ విశ్లేషకుడు రాస్ యంగ్ చెప్పాడు. ఆపిల్ మాత్రం దీన్ని గొప్పగా చాటుకోలేదు.

ఫాస్ఫర్ ఇంత బాగా పనిచేస్తున్నప్పుడు, చిటికెడు డాట్లు కలిపి క్యూఎల్ఈడీ అని అచ్చేసుకోవాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. 2024లో శామ్‌సంగ్‌కు డాట్ పదార్థాలు సరఫరా చేసే హన్సోల్ కెమికల్, టీసీఎల్ సెట్లు కొన్నింటిని ప్రయోగశాలల్లో పరీక్షింపజేసి, వాటిలో ఇండియం గానీ కాడ్మియం గానీ కనబడలేదంది. టీసీఎల్ ఖండించింది. తన సరఫరాదారు ఫిల్మ్‌లో కాడ్మియం ఉందని వేరే పరీక్ష ఫలితం చూపింది. ఒకరు పరీక్షించింది అమ్మిన సెట్టును, ఇంకొకరు చూపింది ఫిల్మ్‌ను. ఎవరి ప్రయోజనం ఎటుందో కూడా తెలిసిందే. 2025లో అమెరికాలో కొనుగోలుదారులు టీసీఎల్ మీదా హైసెన్స్ మీదా దావాలు వేశారు. అవి ఆరోపణలు, తీర్పులు కావు. తమాషా ఏమిటంటే శామ్‌సంగ్, టీసీఎల్, హైసెన్స్ మూడూ 2017లో చేతులు కలిపి క్యూఎల్ఈడీ కూటమి కట్టుకున్నవే. ఆ పేరు మీదుండాలంటే ఎన్ని మిల్లీగ్రాముల డాట్లుండాలో అప్పుడే రాసుకుని ఉంటే కోర్టుదాకా వచ్చేది కాదు.

ఇదంతా ఫిల్మ్ గొడవ. ఓలెడ్‌లో డాట్లు మరో అవతారం ఎత్తాయి. 2022లో వచ్చిన సోనీ ఏ95కే, శామ్‌సంగ్ ఎస్95బీ టీవీల్లో నీలి ఓలెడ్ ముందు ఎరుపు, ఆకుపచ్చ ఇండియం ఫాస్ఫైడ్ డాట్లను ఇంక్‌జెట్‌తో పిక్సెల్ పిక్సెల్‌కూ ముద్రించారు. ఇక్కడ డాటు ఫిల్టర్ స్థానంలో కూర్చుంది, రంగును తనే పుట్టిస్తుంది. నా చూపులో ఇండియం ఫాస్ఫైడ్ నిజంగా సంపాదించుకున్న గెలుపు ఇదొక్కటే. మిగతాది చట్టం పెట్టిన భిక్ష.

ఇక అసలు కల బ్యాక్‌లైటూ ఓలెడూ లేకుండా డాట్లే కరెంటుతో వెలగడం. శామ్‌సంగ్ డిస్‌ప్లే, షార్ప్, బీఓఈ, టీసీఎల్ నమూనాలు చూపాయి గానీ టీవీగా దుకాణంలోకి రాలేదు. అడ్డం నీలం. ఇండియం ఫాస్ఫైడ్‌ను నీలం దాకా తేవడం చాలా కష్టం కాబట్టి జింక్, టెలూరియం, సెలీనియం కలిపిన డాట్లు వాడాలి. 2020లో శామ్‌సంగ్ ప్రచురించిన అలాంటి నీలి డాటు సామర్థ్యం 20.2 శాతం, బాగానే ఉంది. ఆయుష్షు చూడండి. సాధారణ ప్రకాశం కంటే చాలా తక్కువైన 100 నిట్ల దగ్గర సగం వెలుగు పోవడానికి అంచనా సుమారు 16 వేల గంటలు. 2019 నాటి ఎరుపు డాటుకు అదే లెక్కన 10 లక్షల గంటలు. రోజూ చూసే టీవీలో ఎరుపు అలాగే ఉండి నీలం వాడిపోతే ఆ తెరను ఎవరు కొంటారు? ఈ మెట్టు దాటిన పదార్థమే వచ్చే దశాబ్దాన్ని ఏలుతుంది, అది ఇప్పుడు పోటీలో ఉన్న మూడింటిలో ఒకటి కానక్కర్లేదు.

తిరుపతి దగ్గర టీసీఎల్ గ్రూపు యూనిట్లో తెరల మాడ్యూళ్లు తయారవుతున్నాయి, డిక్సన్ టీవీలు బిగిస్తోంది. మన పిల్లలు బిగించే సెట్లలో ఏ డాటు ఉండాలో నిర్ణయించేది మాత్రం చైనాలోని షెన్‌జెన్, కొరియాలోని సువాన్. ఇక్కడ తేల్చగలిగింది లేబుల్ ఒక్కటే. విద్యుత్తు వాడకానికి నక్షత్రాలు అంటించాలని చెప్పగలిగిన ప్రభుత్వం, క్యూఎల్ఈడీ అని రాసిన ప్రతి డబ్బా మీద డాటు పదార్థం పేరు, సెట్టులో అది ఎన్ని మిల్లీగ్రాములుందో, డీసీఐ-పీ3 అనే సినిమా రంగుల ప్రమాణంలో ఎంత శాతం రంగులు వస్తాయో రాయమని కూడా చెప్పాలి. అప్పటిదాకా కొనేవాళ్లు ఆ నాలుగక్షరాలకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. స్వతంత్ర సమీక్షల్లో కొలిచిన రంగుల శాతం, ప్రకాశం అంకెలు చూసి, వాటికే డబ్బు పెట్టండి.